నార్మల్ మనిషి రక్తం

ఆగండి. ఆ చేతిలో పని కాసేపు పక్కన పెట్టి నేను చెప్పేది వినండి. కోపంలో ఉన్నాను, గబగబా చెబుతాను, ఎక్కడైనా తడబడితే సర్దుకోండి. సాయంత్రం ఐదింటికల్లా నేనొక కాగితం మీద సంతకం పెట్టాలి, లేదా పెట్టకుండా లేచి వెళ్లిపోవాలి. ఇప్పుడు టైము రెండున్నర. ఈలోగా మొత్తం మీ ముందు పెట్టేస్తాను.

నా పేరు కీర్తన. శామీర్‌పేట దాటాక ఒక పరిశోధన సంస్థలో మూడేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నాను. పని రక్త క్యాన్సర్ మీద. మా ల్యాబ్ తయారుచేసిన యంత్రం పేరు 'చెవి'. పేరు పెట్టింది మా డైరెక్టర్ పరాంకుశం గారు. ఆయన పెట్టిన పేర్లలో నాకు నచ్చింది ఇదొక్కటే.

చెవి ఏం వింటుందో చెబుతాను, చాలా తేలిక. మన రక్తకణాల పైపొర మీద రిసెప్టర్లు ఉంటాయి. ఇంటి బయట కాలింగ్ బెల్ బటన్ లాంటివన్నమాట. ఒంట్లోంచి ఒక హార్మోను వచ్చి ఆ బటన్ నొక్కితే కణం లోపల బెల్లు మోగుతుంది. 'పెరుగు, రెండుగా చీలు' అని దానర్థం. కణం ఆ పని చేస్తుంది, బెల్లు ఆగిపోతుంది. కొన్ని రక్త క్యాన్సర్లలో ఆ బటన్ లోపలికి ఇరుక్కుపోతుంది. గుమ్మం ముందు ఎవ్వరూ ఉండరు, బెల్లు మాత్రం మోగుతూనే ఉంటుంది. లోపలున్న కణం పిచ్చెక్కినట్టు పెరుగుతుంది, చీలుతుంది, మళ్లీ పెరుగుతుంది, దాని పిల్లలకీ అదే బటన్, అదే మోత. ఒక్క చుక్క రక్తం గోరంత చిప్ మీద వేస్తే చాలు, ఆ మోతని మా చెవి పట్టుకుని స్పీకర్‌లో టిక్, టిక్ అని వినిపిస్తుంది. లక్ష కణాల్లో ఒక్కటి మోగుతున్నా దొరికిపోతుంది. రోగికి చికిత్స అయ్యాక మా దగ్గర పరీక్ష చేస్తారు. 'నిశ్శబ్దం' అని చీటీ వస్తే డాక్టరు మందులు ఆపేస్తాడు, ఇంటికి పంపిస్తాడు. ఇంట్లోవాళ్లు స్వీట్లు పంచుకుంటారు.

మోత ఆపడానికి ఇంకొకటి కూడా ఉంది. బెల్లు బటన్ ఇరుక్కుంటే మనమేం చేస్తాం? మడిచిన అట్టముక్క ఒకటి సందులో దూరుస్తాం. అలాంటి ప్రొటీన్‌ని అజీమ్ కనిపెట్టాడు. అజీమ్ మా ల్యాబ్ పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయిపోయిన పరిశోధకుడు, నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. ఆ ప్రొటీన్‌కి కాగితాల మీద పొడుగాటి పేరుంది గానీ మేం అట్టముక్క అనే అంటాం. ఎవరి బటన్ ఎలా వంకరపోయిందో చూసి, దానికి సరిపోయేలా కత్తిరించాలి. ఒక్కో రకానికీ మూడు వారాలు పడుతుంది. అది కత్తిరించే ఏర్పాటు ప్రస్తుతానికి మా ఒక్క ల్యాబ్‌లోనే ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు భిక్షపతి సంగతి.

ఏ తూకానికైనా సున్నా కావాలి. మామిడికాయలు తూచేముందు ఖాళీ బుట్టని తూచి ఆ బరువు తీసేస్తారు కదా, అలాగ. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో కూడా అక్కడక్కడా టిక్కులు ఉంటాయి, పనికోసం మోగే బెల్లులవి. ఆ మామూలు మోత ఎంతో చెవికి ముందే వినిపిస్తే, ప్రతి రోగి రక్తంలోంచీ దాన్ని తీసేసి మిగిలింది మాత్రమే చెబుతుంది. ప్రతి సోమవారం పొద్దున ఒక నార్మల్ మనిషి రక్తం కావాలి. ఆ నార్మల్ మనిషి మా అటెండర్ భిక్షపతి.

ప్రతి ల్యాబ్‌లోనూ ఇదే తంతు. నార్మల్ రక్తం కావాలంటే ఎవరూ బయటికి వెళ్లరు, పక్క బెంచీలో వాడి చెయ్యి పట్టుకుంటారు. ఎనిమిదేళ్ల కింద మా దగ్గరా ఆరుగురు ఇచ్చేవాళ్లట. ఒకరికి డెంగీ, ఒకరు ఉద్యోగం మారారు, ఒకామె కడుపుతో ఉంది. చివరికి మిగిలింది ఎప్పుడూ సెలవు పెట్టని భిక్షపతి, ఇంకొక స్టోర్స్ అబ్బాయి. ఇద్దరి రక్తం వాడితే గ్రాఫు కొంచెం ఊగుతోందని, ఒక్కరే చాలని సార్‌కి మెయిల్ రాసింది ఎవరనుకుంటున్నారు? నేనే. చేరిన మొదటి నెలలో. 'గుడ్ థింకింగ్' అని సార్ జవాబిచ్చారు. ఆ రోజంతా గాల్లో తేలాను.

భిక్షపతికి నలభై ఏడేళ్లు. ట్యూబుల మీద లేబుళ్లు అతికించడం ఆయన పని. ఆయన అతికించిన లేబుల్ ఎన్నడూ వంకర ఉండదు. తేదీ, నంబరు, తన పొట్టి సంతకం, ఎనిమిదేళ్లలో ఒక్క ట్యూబు తారుమారు కాలేదు. సోమవారం తొమ్మిదిన్నరకి చొక్కా చెయ్యి మడుచుకుని నా ముందు కూర్చునేవాడు.

"ఏం మేడం, ఇయ్యాల ఏ చెయ్యి?"

"ఎడమది ఇవ్వన్నా. కిందటి వారం కుడిది కమిలిపోయింది."

"గది నీ సూదిది కాదు తియ్యి, నా తోలే మెత్తవడ్డది. ముసలోన్నైతున్న."

అజీమ్ ఊరుకోడుగా, వెనకనుంచి అనేవాడు. "భిక్షన్నా, నువ్వు నార్మల్ అయితే మేమందరం అబ్‌నార్మలే యార్."

"మరి కాదా సార్? ముప్పై నాలుగేండ్లొచ్చినా పెండ్లి గాకుండ రికామిగ తిరిగేటోడు నార్మల్ ఎట్లయితడు?"

అందరం పగలబడి నవ్వేవాళ్లం. రక్తం ఇచ్చాక ఆయనకి ఒక ఎగ్ పఫ్, ఒక చాయ్. పెద్దవాళ్లెవరైనా ల్యాబ్ చూడ్డానికి వస్తే పరాంకుశం గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఈయనే మా గోల్డ్ స్టాండర్డ్" అని పరిచయం చేసేవారు. భిక్షపతి సిగ్గుపడుతూ నమస్తే పెట్టేవాడు. తర్వాత నాతో అనేవాడు, "మీ కంప్యూటర్ల గీతలన్నిటి కింద నేనే ఉన్న గద మేడం. నన్ను తీసేస్తె అన్ని కూలిపోతయ్."

పోయిన సోమవారం ఆయన రాలేదు. ఎనిమిదేళ్లలో మొదటిసారి. జ్వరమట. రోగుల చిప్‌లు ఆగవు కదా, నా వేలే పొడుచుకుని నా రక్తాన్ని సున్నాగా పెట్టాను. అంతే.

స్పీకర్‌లోంచి వాన. నిజంగా వాన, రేకుల షెడ్డు మీద పడ్డట్టు. పోయిన నెలలో 'నిశ్శబ్దం' అని చీటీ ఇచ్చి పంపిన రోగి రక్తమది. యంత్రం పాడైందనుకున్నాను. దాచి ఉంచిన పాత రికార్డింగులు బయటికి తీసి నా రక్తం సున్నాగా మళ్లీ నడిపించాను. ఇంకొకరిదీ వానే. ఇంకొకరిదీ. అప్పుడేమనుకున్నానో చెప్పనా? నా రక్తమే చెడిపోయిందనుకున్నాను. నాకే జబ్బు వచ్చింది, నేనే సున్నాకి పనికిరాను అనుకున్నాను. బాత్రూంలోకి వెళ్లి అద్దంలో కనురెప్పలు లాగి చూసుకున్నాను. తర్వాత అజీమ్ వేలు పొడిచాను, క్యాంటీన్ అక్క వేలు పొడిచాను, సెక్యూరిటీ ఆయన వేలు పొడిచాను. ముగ్గురివీ నాలాగే ఉన్నాయి, అక్కడొక టిక్కు, ఇక్కడొక టిక్కు.

అప్పుడు అజీమ్ మెల్లగా అన్నాడు. "భిక్షన్నది పెట్టు, కిందటి వారం రికార్డింగు. దేన్నుంచీ ఏదీ తియ్యకుండా, ఉన్నది ఉన్నట్టు వినిపించు."

పెట్టాను. స్పీకర్ చిన్నగా కిర్రుమంది. ఆ వెంటనే టిక్కులన్నీ కలిసిపోయి ఒకటే హోరు, లెక్కపెట్టే మోత కాదది. అజీమ్ లేచి వెళ్లి వాల్యూమ్ పూర్తిగా తగ్గించేశాడు.

అర్థమైందా మీకు? ఖాళీ బుట్ట ఖాళీ కాదు. భిక్షపతి కణాల మీద బటన్ ఇరుక్కుపోయింది, ఒకానొక రకంగా వంకరపోయి. ఆ రకం మోత 'మామూలు' అని మేమే చెవికి నేర్పించాం. అదే రకం జబ్బు ఉన్న ప్రతి రోగి రక్తంలోంచీ చెవి ఆ మోతని బుద్ధిగా తీసేసి 'నిశ్శబ్దం' అని చీటీ ఇచ్చింది. ఎప్పటినుంచా అని వెనక్కి వెళ్లి చూశాను. రెండేళ్ల నాలుగు నెలల కింద ఒక సోమవారం భిక్షపతి రక్తంలో తేడా మొదలైంది, ఒక చుక్కలో మూడు టిక్కులు ఎక్కువ. అప్పుడు పట్టుకుని ఉంటే ఒక్క అట్టముక్కతో పోయేది. ప్రతి సోమవారం కొంచెం, కొంచెం, కొంచెం. ఆ రెండేళ్లలో అదే రకం జబ్బుతో మా దగ్గర 'నిశ్శబ్దం' చీటీ తీసుకుని మందులు ఆపేసినవాళ్లు నలభై ఒక్క మంది. అందులో తొమ్మిది మంది ఇప్పుడు లేరు.

మరి భిక్షపతి ఆరోగ్యవంతుడని ఎవరు చెప్పారు? ఒక ఫారం చెప్పింది. 'మీకు ఏమైనా జబ్బులు ఉన్నాయా?' 'లేవు.' ఎనిమిదేళ్ల కింద నింపిన ఫారం అది. ఏటా దాన్నే జిరాక్స్ తీసి, తేదీ ఒక్కటీ మార్చి ఫైల్లో పెట్టారు. చివరి మూడు జిరాక్స్‌లూ నేను తీసినవే.

నార్మల్ రక్తం ఇచ్చినవాళ్లకి ఫలితాలు చెప్పకూడదని మా దగ్గర రూలుంది. వాళ్లు మనుషులు కాదు, ఎన్-1, ఎన్-2 అన్న నంబర్లు. నేను ఆ రూలుని అక్కడే వదిలేసి మంగళవారం పొద్దున అల్వాల్ బస్సెక్కాను.

రెండు గదుల ఇల్లు. భిక్షపతి భార్య అండాలు గుమ్మం పక్కన కూర్చుని చీరలకి ఫాల్ కుడుతోంది. కూతురు స్రవంతి ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా రెండో సంవత్సరం, నాన్న ల్యాబ్‌లో పనిచేస్తాడని ఆ కోర్సే పట్టుబట్టి తీసుకుంది. భిక్షపతి మంచం మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"అయ్యో మేడం, సోమవారం తప్పిపోయిన. ఎవలి రక్తం పెట్టిన్రు?"

"నాదే పెట్టానన్నా."

"మంచిగ కుదిరిందా?"

అండాలు కుర్చీ తుడిచి వేసింది. "కూసో బిడ్డా. చాయ్ వెడ్త. ఈయనకు చెప్పు జర, దవఖానకు పోదామంటె ఇంటలేడు. నెలరోజులాయె, రెండు మెట్లెక్కితె ఆయాసం. పండ్లు తోముకుంటె నెత్తురొస్తుంది."

"నేను గూడ చెప్పిన అక్కా," స్రవంతి అంది. "మా కాలేజీల సీబీపీ ప్రాక్టికల్ ఉండె, నీ రక్తం ఇయ్యి నాన్నా అంటె నవ్వుతడు."

భిక్షపతి నవ్వాడు. అప్పుడన్న మాట ఇది, నేను చచ్చేదాకా మర్చిపోను. "ఎందుకే పిచ్చిదానా? ప్రతి సోమవారం మేడమోళ్లు నా రక్తం చూస్తనే ఉంటరు. దునియల లేని మిషన్ అది. ఏమన్న ఉంటె నాకు చెప్పరా?"

నేను బ్యాగులోంచి సిరంజీ తీశాను. వీధి చివర డయాగ్నస్టిక్ సెంటర్లో గంటలో సీబీపీ వచ్చింది. డెంగీ సీజన్లో మనందరం చేయించుకునే సీబీపీయే, హైదరాబాద్‌లో ఆటో దొరికినంత సులువుగా దొరుకుతుంది. తెల్లకణాలు పదకొండు వేలు దాటకూడదు, భిక్షపతికి లక్షా నలభై వేలు ఉన్నాయి. ప్లేట్‌లెట్స్ ఇరవై రెండు వేలు. కాగితం కింద 'ముదరని కణాలు ఎక్కువగా ఉన్నాయి, వెంటనే డాక్టరును కలవండి' అని రాసి ఉంది. స్రవంతికి నేను వివరించనక్కర్లేకపోయింది. సెంటర్ బయట మెట్ల మీదే చదివేసింది.

"అక్కా, మీ ల్యాబ్‌ల ఎవ్వలు ఒక్కపారి గూడ సీబీపీ చెయ్యలేదా?"

"లేదు."

"ఎనిమిదేండ్లు?"

"లేదు."

"రోజు చూసిన్రు, ఒక్కనాడు గూడ చూడలే." ఆ పిల్ల ఏడవలేదు. నా వైపు తిరిగి చాలా మెల్లగా అడిగింది. "మా నాయన మీకు ఏం అనుకున్నరు అక్కా? సీసా అనుకున్నరా? గిన్నె అనుకున్నరా?"

నేను ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నమే ఆయన్ని క్యాన్సర్ దవఖానలో చేర్చాం. అక్కడి డాక్టరు మంచావిడ, తిప్పి చెప్పలేదు. ఈ రకానికి మామూలు కీమో పెద్దగా పనిచేయదు, కొంచెం అదుపు చేసి నిలబెట్టగలం, అయిదారు వారాలు, అంతకుమించి మాట ఇవ్వలేను అంది. అట్టముక్క అయితే? "అది మీ దగ్గరే కదమ్మా ఉంది, నన్నడుగుతావేం?" అంది.

అంటే లెక్క ఇది. అయిదారు వారాల మనిషి. మూడు వారాల పని. అదీ ఈ రోజే మొదలుపెడితే.

శుక్రవారం అన్ని గ్రాఫులూ తీసుకుని పరాంకుశం గారి గదికి వెళ్లాను. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. కళ్లజోడు తీసి, భిక్షపతి సోమవారాల గ్రాఫుని చాలాసేపు చూశారు. మూడు టిక్కుల దగ్గర మొదలై కొండెక్కినట్టు ఎక్కే గీత. ఆ కళ్లల్లో ఏం కనిపించిందో తెలుసా? మెరుపు.

"కీర్తనా, ఒక రక్త క్యాన్సర్ పుట్టిన వారం నుంచీ వారం వారం రికార్డు... ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదిది."

"సార్, అది భిక్షన్న."

"తెలుసమ్మా." కళ్లజోడు పెట్టుకున్నారు. "కూర్చో. కోపం తర్వాత పడుదువుగాని. భిక్షపతికి అట్టముక్క కావాలి. బతికున్న ముప్పై రెండు మందికీ అదే అట్టముక్క పనికొస్తుంది. అవునా?"

"అవును సార్."

"నువ్వు బయటికెళ్లి, చెవి తయారీలోనే తప్పుంది అని చెప్పావనుకో. మరుసటి రోజు ఇన్‌స్పెక్టర్లు వస్తారు. ల్యాబ్ సీల్ చేస్తారు. ఫ్రీజర్లు, కంప్యూటర్లు, కత్తిరించే ఏర్పాటు, అన్నీ సాక్ష్యాలైపోతాయి. విచారణ ఒక ఏడాదా, మూడేళ్లా? ఈలోగా అట్టముక్క ఎవరు చేస్తారు? నువ్వు మీ ఇంట్లో మిక్సీలో చేస్తావా?"

ఆయన అన్నది అబద్ధం కాదు, అదే నా కడుపు మంట.

"ఇంకో దారి ఉంది. తప్పు యంత్రంలో లేదు, ట్యూబుల్లో ఉంది. అటెండర్ నార్మల్ ట్యూబుల్నీ రోగుల ట్యూబుల్నీ కలిపేశాడు. మనిషి పొరపాటు. ల్యాబ్ సీల్ చెయ్యరు. ముప్పై రెండు మందినీ పిలిపిస్తాం, మళ్లీ పరీక్ష చేసి మందు మొదలుపెడతాం. మొదటి అట్టముక్క భిక్షపతికే. కేసు పెట్టం. ఉద్యోగంలోంచి మాత్రం తీసెయ్యాలి, తప్పదు."

"సార్, ఆయన ఒక్క ట్యూబు కూడా మార్చలేదు."

"నాకు తెలుసు."

"ఆ తొమ్మిది మంది ఇళ్లలోవాళ్లకి ఏం చెబుతారు? మీవాణ్ణి మా అటెండర్ చంపాడనా?"

ఆయన కిటికీ వైపు చూశారు. "నేను అబద్ధం చెప్పమనట్లేదు. చావుల్నీ దాచట్లేదు, రోగుల్నీ దాచట్లేదు. కారణం ఒక్కటి మార్చమంటున్నాను."

మీలో కొందరికి ఇప్పుడొక తెలివైన ఆలోచన వచ్చి ఉంటుంది. ఇప్పుడు సంతకం పెట్టి, భిక్షపతి బతికాక నిజం బయటపెట్టొచ్చు కదా అని. నాకూ వచ్చింది. నాకన్నా ముందు సార్‌కి వచ్చింది. ఆ కాగితం మీద రెండు సంతకాలు కావాలి. ఒకటి భిక్షపతిది. ఇంకొకటి సోమవారాల రక్తానికి బాధ్యురాలిగా, తారుమారు నా కళ్లతో చూశానని సాక్ష్యం చెబుతూ నాది. రేపు నేను మాట మారిస్తే, అబద్ధపు సాక్ష్యం చెప్పిన పిల్ల మాట ఎవరు నమ్ముతారు? "బాగా ఆలోచించుకో" అని సార్ నాకు మంచినీళ్ల గ్లాసు జరిపారు. తాగలేదు.

గదిలోంచి బయటికొచ్చి అజీమ్ మీద విరుచుకుపడ్డాను. "అట్టముక్క నీది కదా! సార్‌తో పనేంటి, నువ్వు కత్తిరించు, ఇవాళే మొదలుపెట్టు!"

"పాస్‌వర్డ్ ఆయన దగ్గరుంది కీర్తనా," అన్నాడు, తల దించుకుని. "కనిపెట్టింది నేనే. తాళం ఆయనది." టేబుల్ మీద భిక్షపతి అతికించిన ట్యూబుల రాక్‌ని తీసి గోడకేసి కొడదామన్నంత కోపం వచ్చింది నాకు. కొట్టలేదు. అన్నీ నిటారుగా, ఒక్కటీ వంకర లేకుండా ఉన్నాయి.

ఇవాళ పొద్దున పదకొండింటికి భిక్షపతిని దవఖాన నుంచి కారులో తీసుకొచ్చారు. ముఖానికి మాస్కు, చేతికి సెలైన్ సూది. స్రవంతి పక్కనే ఉంది. కాగితం ఇంగ్లిషులో ఉంటే ఆ పిల్లే చదివి తెలుగులో చెప్పింది. 'నేను, భిక్షపతి, నా అజాగ్రత్త వల్ల ట్యూబులను పలుమార్లు తారుమారు చేశానని...' అక్కడ ఆగింది. మళ్లీ చదివింది. పూర్తి చేసింది.

భిక్షపతి మాస్కు కిందికి లాగాడు. ఆయన గొంతులో అంత కోపం నేనెప్పుడూ వినలేదు.

"సారూ. ఎనిమిదేండ్లు నా నెత్తురు తీసుకున్నరు. నేను అడగలే, ఎందుకని. పఫ్ పెట్టిన్రు, తిన్న. గోల్డన్నరు, మురిసిన. ఇప్పుడు నాకు రోగమొచ్చింది, సరే, ఎవలికైన వస్తది. గని నా పని జోలికెందుకొచ్చిన్రు? ఒక్క ట్యూబు... ఒక్కటంటె ఒక్కటి చూపెట్టుండ్రి నేను మార్చింది."

"భిక్షపతీ, ఇది నీ మంచికే..."

"నా మంచి నాకెర్కలేదా? బతకాలని నాకుండదా?" దగ్గు వచ్చింది. స్రవంతి నీళ్లు పట్టింది. ఆయన ఆమె చెయ్యి తీసేసి నా వైపు చూశాడు. అసలైన దెబ్బ అప్పుడు పడింది. "నేను పెడ్త సార్ సంతకం. గని ముందుగాల మేడం పెట్టాలె. నేను మార్చలేదని ఆమెకు ఎర్క. మూడేండ్లు నా ఎదురుంగ కూసున్నది. నా మొకం జూసుకుంట, ఈ మనిషి మార్చిండు, నేను కండ్లార చూసిన అని ఆమె రాయగల్గితె, నేను గూడ రాస్త. ఆమె రాయకుంటె నేను రాయ."

"అన్నా, అలా నా మీద పెట్టకు," అన్నాను. ఏడుస్తున్నానని నాకప్పుడే తెలిసింది.

"మరి ఎవలి మీద పెట్టాలె? మీరంత నా మీద పెట్టిన్రు గదా."

సార్ గడియారం చూసుకున్నారు. ఐదింటికి లాయరు వస్తాడు, ఈలోగా తేల్చుకోండి అన్నారు. భిక్షపతిని పక్క గదిలో సోఫా మీద పడుకోబెట్టాం. అండాలు పని వదిలేసి వచ్చింది. ఆమెకి కాగితం సంగతి చెప్పారో లేదో నాకు తెలీదు, భర్త కాళ్ల దగ్గర కూర్చుని నావైపు ఒక్కసారి చూసింది, అంతే.

ఇందాక స్రవంతి వరండాలోకి వచ్చింది. నా భుజం పట్టుకుని గోడకి ఆనించింది. ఇరవై ఏళ్ల పిల్ల, చేతిలో అంత బలం ఎక్కడిదో.

"పెట్టు అక్కా. సంతకం పెట్టు. నాకు మా నాయన కావాలె."

"స్రవంతీ, ఆయన పేరు..."

"పేరు నాకెందుకు! మనిషి కావాలె!" ఊపిరి పీల్చుకుంది. "గని ఒక్కటి ఇను. నువ్వు గా కాగితం మీద పెట్టినవంటె, మా నాయన గట్ల చేసిండని రాసినవంటె, జన్మల నీ మొకం చూడ. నిన్ను మాఫ్ చెయ్య. అయినా పెట్టు."

ఆ మాట చెప్పి వెళ్లిపోయింది.

ఇప్పుడు నాలుగున్నర అయింది. చెబుతూ చెబుతూ రెండు గంటలు గడిపేశాను. కాగితం నా ముందుంది. భిక్షపతి లేచి కూర్చుని, నేను ఎదురుగా రావాలని కబురు పెట్టాడు. ముఖం దించుకుని పెడతానంటే ఒప్పుకోడట. కళ్లల్లోకి చూస్తూ పెట్టాలట.

పెడితే మూడు వారాల్లో ఆయనకి అట్టముక్క అందుతుంది, బహుశా బతుకుతాడు. ఆ బతుకంతా తొమ్మిది ఇళ్లలో ఆయన్ని హంతకుడనుకుంటారు, ఈ దేశంలో ఏ ల్యాబ్ గుమ్మమూ ఆయన్ని ఎక్కనివ్వదు, ఎనిమిదేళ్లు నిటారుగా అతికించిన ప్రతి లేబులూ అబద్ధమైపోతుంది. ఆ అబద్ధానికి సాక్షిని నేను. పెట్టకపోతే ఆయన నిజాయితీగా, నిర్దోషిగా, అయిదారు వారాల్లో, ఒక సోమవారమో మంగళవారమో వెళ్లిపోతాడు. ఆ చావుకి కూడా సాక్షిని నేనే.

తలుపు తీశారు. పిలుస్తున్నారు.

మీరు చెప్పండి. ఉపన్యాసం వద్దు, న్యాయం ధర్మం అని పెద్ద మాటలొద్దు. ఆయన ఎదురుగా, ఆ కుర్చీలో, ఆ కళ్లల్లోకి చూస్తూ కూర్చున్నది మీరే అయితే, పెడతారా, పెట్టరా?